వీపు రెక్క మీద నల్లచుక్క

మా ఆయన పోయిన రోజు నేను చేపల నీళ్లు మార్చాను. ఈ మాట చెబితే ఇప్పటికీ మా వాళ్లు నా వంక అదోలా చూస్తారు. చూడనీ. ఆ రోజు మంగళవారం. మంగళ, శుక్రవారాలు నీళ్లు మార్చాలన్నది ఆయన పెట్టిన నియమమే. వాకిట్లో జనం ఉన్నారు, ముందుగదిలో ఆయన్ని పడుకోబెట్టారు, పెరట్లో ఏడు కుండలున్నాయి. నేను పెరట్లోకి వెళ్లాను.

అప్పుడు మేం బెజవాడలో, ఏలూరు కాలవకి దగ్గర్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆయనది మలేరియా ఆఫీసులో ఉద్యోగం. కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదు. సైకిలు మీద ఊళ్లు తిరగాలి, మురికిగుంటల్లో నూనె చల్లాలి, బావుల్లో దోమపిల్లల్ని తినే చేపల్ని వదలాలి. యుద్ధం రోజులు. గన్నవరంలో విమానాల మైదానం వేసి సిపాయిల్ని దింపాక ఆ చుట్టుపక్కల బావులన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ఆ చేపల్ని ఆఫీసులో గప్పీలనేవారు, ఊళ్లల్లో దోమచేపలనేవారు. ఆడది చిటికెన వేలులో సగం ఉంటుంది. బూడిదరంగు, ఉబ్బిన పొట్ట, అంతే. మగది ఇంకా చిన్నది కానీ దాని సోకు దానిది. ఒంటి మీద ఎరుపు, నీలం, పసుపు మరకలు, ఒక్కోదానికి ఒక్కో తీరు. ఇవి గుడ్లు పెట్టవు. నెలకోసారి పిల్లల్నే కంటాయి.

బావుల్లో వదలాల్సిన చేపల్ని ఇంట్లో పెంచడమేమిటని నేను మొదట్లో సాధించాను. పెళ్లయి మూడేళ్లు, పిల్లల్లేరు, ఇంటినిండా కుండలు. ఒకరోజు గన్నవరం నుంచి సైకిలు హ్యాండిలుకి సీసా కట్టుకుని వచ్చారు. అందులో ఒక్క మగచేప. దాని వీపు రెక్క మీద గుండుసూది తలంత నల్లచుక్క. ఎన్ని బావులు తిరిగినా అలాంటిది ఇంకొకటి కనిపించలేదట. "దిష్టిచుక్క పెట్టుకుని పుట్టింది చూడు" అన్నారు. ఆ సాయంత్రం అన్నం చల్లారిపోయింది.

దాన్ని కాలవలో పట్టిన ఒక మామూలు ఆడచేపతో కలిపి కుండలో వేశారు. ఒక నోటుపుస్తకం తెచ్చి గీతలు కొట్టారు. మొదటి కాన్పులో కొన్ని మగపిల్లలకి చుక్క వచ్చింది, కొన్నిటికి రాలేదు. దాని ఎదురుగా ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. తర్వాతి కాన్పుల్లో మాత్రం మగపిల్లలన్నిటికీ చుక్క వచ్చింది. ఆడపిల్లల్లో ఒక్కదానికీ రాలేదు. అవన్నీ తల్లిలాగే బూడిద.

"దీన్నిబట్టి నీకేం తెలిసింది?" అన్నారు నన్ను.

"అది మగవాళ్ల సొత్తని తెలిసింది. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి పోతుంది. ఆడదానికి మిగిలేది బూడిదే" అన్నాను.

"కాదోయ్. ఆడపిల్లలోనూ ఉంటుంది. పైకి కనపడదంతే. రేపు మనకి ఆడపిల్ల పుడితే దానికి నా ముక్కు రాదంటావా?"

"రాకపోతే దాని అదృష్టం" అన్నాను. ఆయన ముక్కు బాగా పెద్దది.

పందెం వేసుకున్నాం. చుక్క చేప కూతుళ్లని తీసి, చుక్క లేని మగచేపలతో వెయ్యాలి. వాటికి పుట్టే మగపిల్లల్లో, అంటే చుక్క చేప మనవల్లో, చుక్క కనిపిస్తే ఆడపిల్లల ద్వారా కూడా వస్తుందని ఆయన గెలిచినట్టు. కనిపించకపోతే నేను గెలిచినట్టు. ఓడినవాళ్లు ఏడాది పొడుగునా కుండల నీళ్లు మార్చాలి. కూతుళ్లకి, కొడుకులకి తేడా తెలిసేలా కొడుకుల ఒంటి మీద రంగు తేలేదాకా ఆగి, అప్పుడు ఆడవాటిని ఏరి వేరే కుండలో వేశారు. అందులోకి కాలవలోంచి తెచ్చిన చుక్క లేని మగవాటిని రెండిటిని వదిలారు. ఆ వారమే ఆయనకి జ్వరం తగిలింది.

మలేరియా మనిషి టైఫాయిడుతో పోయారు. ఇరవై రెండు రోజులు మంచం మీదున్నారు. కార్తీకమాసం. ఏడవడం లేదని మా పిన్నత్తగారు నా తొడ మీద గట్టిగా గిల్లింది, నలుగురిలో బాగుండదని. గిల్లిన చోట నెప్పి తెలిసింది, అంతవరకే. చెయ్యి మీద పడుకుని లేస్తే అది మన చెయ్యి కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలాగే ఉంది. "కడుపున ఒక్క నలుసైనా లేకుండా పోయాడు" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి ఏడిచింది. విన్నాను. నిజమే కదా అనుకున్నాను. గాజులు తీశారు, బొట్టు తీశారు. అవి ఎవరివో తీస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

పన్నెండో రోజు అయ్యాక మా నాన్న నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. నేను పెట్టె సర్దలేదు. రెండు కిరసనాయిలు డబ్బాలు బాగా కడిగి చేపల్ని అందులో దింపాను. నాన్న చూశాడు, ఒక డబ్బా తను పట్టుకున్నాడు. పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సులో ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి దాకా డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. కుదుపుకి నీళ్లు నా చీర మీద, నాన్న పంచె మీద ఒలికాయి.

మాది చల్లపల్లికి కోసెడు దూరంలో రంగుల ఇల్లు. నాన్న బందరు వర్తకులకి అచ్చు దుప్పట్లు అద్ది, రంగు ఉడకేసి ఇచ్చేవాడు. మా పనిలో ఎరుపు ఎలా వస్తుందో చెప్పకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. గుడ్డని ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. ఆరాక పటిక నీళ్లతో పువ్వులు, లతలు అచ్చు వేస్తారు. వేసిన పువ్వు కంటికి కనిపించదు. అలాంటి గుడ్డల్ని మూటలు కట్టి అటక మీద పెట్టుకుంటాం. బేరం వచ్చినప్పుడు తీసి, ఎర్రరంగునిచ్చే చిరివేరు వేసిన గంగాళంలో ఉడకేస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎర్రటి పువ్వు లేచి వస్తుంది. ఏ మూటలో ఏ పువ్వుందో నాన్నకి తెలుసు. చూసేవాళ్లకి అన్నీ మాసిన గుడ్డలే.

రంగు నీళ్లు తగలకుండా చేపల కుండల్ని కొట్టానికి అవతల, నీడలో పెట్టాను. నూలుకి పెట్టే గంజిలో తవుడు కలిపి ఎండబెట్టి, చిటికెడు చిటికెడు వేసేదాన్ని. పొద్దున్నే లేచేదాన్ని, నీళ్లు మార్చేదాన్ని, అన్నం తినమంటే తినేదాన్ని. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన మాట ఎత్తితే, ఎవరో తెలిసినవాళ్ల గురించి విన్నట్టు వినేదాన్ని. నా నోటి వెంట ఆయన పోయారన్న మాట మాత్రం రాలేదు. "ఆయన బెజవాడలో ఉన్నప్పుడు" అనేదాన్ని.

పుష్యమాసంలో ఆ కూతురు చేపలు కన్నాయి. మాఘం వెళ్లేసరికి పిల్లల ఒంటి మీద రంగులు తేలాయి. మగవి పదకొండు. రోజూ గాజుసీసాలో ఒక్కోదాన్నే తీసి వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. ఒకరోజు పొద్దున ఒకదాని వీపు రెక్క మీద నలక పడినట్టు కనిపించింది. సీసా తుడిచి మళ్లీ చూశాను. నలక కాదు. వారంలో నాలుగింటికి వచ్చింది.

ఆయన గెలిచారు. నోటుపుస్తకంలో ఆయన గీసిన గీతల మధ్య నా చేతిరాతతో రాశాను. పదకొండులో నాలుగు. ఆ రోజు నాకు ఆకలేసింది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. అమ్మ పెట్టి, నెయ్యి వేసింది.

నాన్నని పిలిచి చూపించాను. ఎర్రటి చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చి, సీసాలో చేపని, కుండలో దాని తల్లిని మార్చి మార్చి చూశాడు.

"ఇందులో వింతేముందమ్మాయ్. పటిక గుడ్డే కదా ఇది. కనపడకుండా లోపల ఉంది, టైమొచ్చి బయటికి లేచింది. మీ ఆయన రంగుల ఇంటి అల్లుడనిపించుకున్నాడు."

నాకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్లకి దీన్ని నమ్మడానికి ఇంకో రుజువు అక్కర్లేదు. నేనూ నమ్మాను.

ఎండలు ముదిరాయి. కుండలు చాలడం లేదు. మగవి ఎక్కువైతే ఆడవాటిని నిలవనివ్వవు, తరిమి తరిమి చంపుతాయి. సరిగ్గా అప్పుడే దివిసీమ బావులు చూసే కొత్త మలేరియా ఉద్యోగి ఒకాయన, చేపలున్నాయని విని తపేలా పట్టుకుని వచ్చాడు. నాన్న అన్నాడు, "చుక్కవి ఇచ్చెయ్యమ్మా. ఆడవి మన దగ్గరే ఉన్నాయిగా. పటిక మూట ఇంట్లో ఉంటే ఎప్పుడు కావలిస్తే అప్పుడు ఉడకేసుకోవచ్చు." నాకూ సబబుగానే తోచింది. గన్నవరం నుంచి వచ్చిన ముసలి చేపని, దాని కొడుకుల్ని, ఆ నలుగురు మనవల్ని అందరినీ నా చేత్తోనే ఆ తపేలాలో వేశాను. ఆయన గెలిచిన పందేన్ని నలుగురి బావుల్లో పంచిపెడుతున్నానని లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ నోటుపుస్తకం ఎవరికైనా చూపించాలనిపించింది. బెజవాడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయన దగ్గరికి మా ఆయన అప్పుడప్పుడు వెళ్లి సందేహాలు అడిగేవారు. కాలేజీకి వేసవి సెలవులు ఇవ్వకముందే నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. లెక్చరరుగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. మా ఆయన సంగతి విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత నోటుపుస్తకం ఒక్కో పేజీ తిప్పారు. ఆఖరి పేజీ దగ్గర ఆగారు.

"ఈ ఆడచేపల్ని అన్నదమ్ముల నుంచి ఎప్పుడు వేరు చేశారమ్మా?"

"మగవాటికి రంగు తేలాక అండీ. ముందు చేస్తే ఏది ఆడో ఏది మగో తెలీదు కదండీ."

ఆయన వెనక్కి పేజీలు తిప్పి, ఆ మొదటి కాన్పు దగ్గర మా ఆయన పెట్టిన ప్రశ్నార్థకం మీద వేలు పెట్టారు. "ఇది ఇక్కడే అడిగాడమ్మా మీ ఆయన. జవాబు దొరకలేదు" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. ఈ జాతి ఆడచేప ఒక్కసారి మగదాన్ని కలిస్తే చాలు. ఆ బీజాన్ని ఒంట్లో దాచుకుని నెలల తరబడి పిల్లల్ని కంటుంది. పక్కన మగది ఉన్నా లేకపోయినా, ఆ మగది చచ్చిపోయినా సరే. మొదటి కాన్పులో చుక్క లేనివి పుట్టాయంటే ఆ తల్లి కాలవలోనే ఎవరినో కలిసి వచ్చింది. మా కూతురు చేపలు కూడా అంతే. రంగు తేలకముందే అన్నదమ్ములు వాటిని కలిశాయి. నేను చూసిన నాలుగు చుక్కలూ ఆ అన్నదమ్ముల పిల్లలవే. తల్లుల్లోంచి వచ్చినవి కావు.

నాన్న ఊరుకోలేదు. పటిక గుడ్డ సంగతి మొత్తం ఆయనకి చెప్పాడు. లెక్చరరుగారు శ్రద్ధగా విన్నారు. "మీరన్నట్టు ఆడదానిలో కనపడకుండా దాగి మనవడి దగ్గర తేలే రంగులు ఉన్నాయండీ. మీరు తప్పు చెప్పలేదు. కానీ ఈ చుక్క తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోతుందని ఎక్కడో చదివిన గుర్తు. సందేహముంటే పిల్లలు మూడు వారాలు నిండకముందే దేనికదే విడదీసి మళ్లీ చెయ్యండి. చుక్క మగవి మీ దగ్గర ఉన్నాయిగా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న కిందికి చూస్తున్నాడు.

తిరుగు బస్సులో నాన్న ఒక్కటే మాటన్నాడు. "నేనే ఇమ్మన్నాను." నేను కాదనలేదు. కాదనడానికి ఓపిక లేదు.

మర్నాటి నుంచి నాన్న పని పక్కనబెట్టి నాతో బావులు తిరిగాడు. కాలవలు కట్టేసిన వేసవి, బావుల్లో నీళ్లు అడుగంటాయి. ఆ ఉద్యోగి ఏ చేప ఎక్కడ వదిలాడో గుర్తులేదన్నాడు. మేం ప్రతి ఊళ్లోనూ బావి గట్టున నిలబడి బిందె వేసి తోడేవాళ్లం. రంగుల ఇంటాయన ఎండలో బావిలోకి దిగి పల్చటి గుడ్డతో చేపల్ని వడగడుతుంటే జనం నవ్వారు. అల్లుడు పోయాక మతి చలించిందన్నారు. కొన్ని బావుల్లో నీళ్లే లేవు. ఒకదాంట్లో ఎవరో కొరమీను వదిలారు, అందులో ఇంకేమీ లేదు. ఎర్రవి దొరికాయి, నీలంవి దొరికాయి. చుక్కది దొరకలేదు. పద్దెనిమిది రోజులు తిరిగాం. పంతొమ్మిదో రోజు నాన్నకి వడదెబ్బ తగిలింది. నేనే వద్దన్నాను.

లెక్చరరుగారు చెప్పినట్టు పరీక్ష కూడా మళ్లీ చేశాను. మాఘంలో చూసిన పిల్లలు అప్పటికే పెద్దవైపోయాయి, వాటితో లాభం లేదు. కూతురు చేపల తర్వాతి కాన్పు పిల్లల్ని గోరంత ఉండగానే ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో వేశాను. ఇంట్లో ఊరగాయ పెట్టుకోడానికి సీసా లేకుండా చేశాను. వాటిలో చుక్క తేలింది ఒక్కటీ లేదు. ఆడవి పెద్దవయ్యాక చుక్క లేని మగవాటితో వేస్తే, వాటి మగపిల్లల్లోనూ ఒక్కదానికీ రాలేదు. అంటే పందెం నేను గెలిచాను. గెలిస్తే ఏం చెయ్యాలో తెలియక ఆ పేజీ మూసేశాను.

ఆ పరీక్ష ఒక పక్క నడుస్తుండగానే, చుక్కని నిలబెట్టుకోడానికి మిగిలిన ఒక్క దారీ పట్టుకున్నాను. మొదటి తల్లి చేప చలికాలంలోనే పోయింది, కానీ అన్నదమ్ములతో కలిసి పెరిగిన పాత కూతురు చేపలు ఇంకా మూడున్నాయి. వాటి ఒంట్లో ఆ చుక్క మగవాటి బీజం ఏమైనా మిగిలి ఉంటే, ఇంకొక్క చుక్క పిల్ల పుట్టవచ్చు. ఒక్క మగది చాలు. మళ్లీ మొదలుపెట్టవచ్చు. వాటి దగ్గర ఉన్న చుక్క లేని మగవాటిని తీసేశాను. ఒకటి జ్యేష్ఠంలో చచ్చిపోయింది. రెండోది ఆరుగుర్ని కంది, అన్నీ ఆడవే అయ్యాయి, తర్వాత అదీ పోయింది. మూడోది శ్రావణంలో కంది. తొమ్మిది పిల్లలు. పెరిగాక చూస్తే అయిదు మగవి.

అప్పుడు మా అత్తగారన్న నలుసు మాట నాకు రోజూ గుర్తొచ్చేది. ఇంత సూక్ష్మంగా ఉన్న ఆ పిల్లల్ని చూస్తూ, ఆయన చేత్తో మొదలుపెట్టింది ఇదొక్కటే ప్రాణంతో ఉంది అనుకునేదాన్ని. అమ్మ నా పక్కన కూర్చుని, "వచ్చిందా?" అని అడిగేది. నాన్న అడిగేవాడు కాదు. గంగాళం దగ్గర కట్టె తిప్పుతూ నా మొహం చూసేవాడు.

ఒకదానికి తోక దగ్గర ఎరుపు తేలింది. ఇంకోదానికి నీలం గీత. మూడో వారం, నాలుగో వారం, అయిదో వారం. రంగు రావలసినంతా వచ్చేసింది. ఆరో వారం ఒక పొద్దున అయిదింటినీ ఒకే సీసాలో వేసి ఎండకి పెట్టాను. అయిదు వీపు రెక్కలూ తేటగా, వెనక ఉన్నది కనిపించేలా ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. పుస్తకం తెచ్చి ఆయన గీసిన గీత దగ్గర "రాలేదు" అని రాశాను. కింద ఇంకో వరస ఖాళీగా ఉంది. అందులో రాయడానికి ఇక ఏ చేపా లేదు.

నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నాదేనని నాకు వెంటనే తెలియలేదు. నాన్న గంగాళం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? చచ్చిపోయాయా?"

"ఆయన పోయారు నాన్నా" అన్నాను.

పది నెలల తర్వాత, మొదటిసారి. నాన్న నా ముందు నేల మీద కూలబడ్డాడు. ఎర్రటి చేతులు రెండూ నా తల మీద పెట్టాడు.

"అవునమ్మా. పోయాడు" అన్నాడు.

నేను ఏడ్చాను. కాసేపటికి నాన్న లేచి వెళ్లి గంగాళం కింద మంట మీద నీళ్లు కుమ్మరించాడు. సగం ఉడికిన గుడ్డ అందులోనే ఉండిపోయింది. ఆ పూట మా అమ్మ కూడా పొయ్యి వెలిగించలేదు.